దగ్గుతో దాటేసిన పేరు

నేను మొట్టమొదట నేర్చుకున్న మరాఠీ మాట పోట్లాటకు పనికొచ్చేది. "మాఝా నంబర్ ఆహే." నా వంతు వచ్చింది అని. ఆ ఒక్క మాట రాక నల్లా దగ్గర నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు.

మాది మెట్‌పల్లి పక్క ఊరు. హైదరాబాదు స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో నాకు పెళ్లయింది. వానలు మొహం చాటేసి పొలం బీడు పడితే, మా ఆయన ఎవరినో పట్టుకుని బొగ్గుగనిలో పని సంపాదించుకున్నారు. ఒక ట్రంకు పెట్టె, రెండు బిందెలు, ఒక జొన్నల మూట తీసుకుని గోదావరి దాటాం. మంచిర్యాల కూడా దాటి, రైలు కట్ట పక్కనున్న గని ఊళ్ళో దిగాం. కంపెనీ ఇచ్చిన క్వార్టరు అంటే ఒకే గది, ముందు చిన్న అరుగు. ఆ వరుసలో ఇటు ఇల్లూ అటు ఇల్లూ ఎదుటి ఇల్లూ అన్నీ చాందా వైపు నుంచి వచ్చిన మరాఠీ వాళ్లవే. తెలుగు వాళ్ల వరుసలు వేరే ఉన్నాయట, వాటిలో ఖాళీ లేదట.

"ఏమైతదే, గాల్లు గూడ మనుషులే గద," అని మా ఆయన పొద్దున్నే గనిలోకి దిగిపోయేవారు. ఆయనకేం? కింద అందరిదీ ఒకటే భాష. నాలుగు ఉర్దూ ముక్కలు, నాలుగు తిట్లు, దాంతో పని నడిచిపోతుంది. పగలంతా పైన ఉండి వేగాల్సింది నేను.

నాకు చిన్నప్పట్నుంచీ ముక్కు మీద కోపం. నల్లా దగ్గర వరుసలో బిందె పెట్టి, పొయ్యి మీద ఎసరు చూసుకుని వచ్చేసరికి ఎవరో దాన్ని వెనక్కి జరిపేసేవారు. నేను తెలుగులో గయ్యిమనేదాన్ని. వాళ్లు మరాఠీలో అంతకు రెండింతలు గయ్యిమనేవారు. నేను తిట్టింది వాళ్లకు తగలదు, వాళ్లు తిట్టింది నాకు తగలదు. చివరికి గొంతునొప్పి ఒక్కటే మిగిలేది. ఎదురుతిరిగి కొట్లాడటానికి కూడా భాష కావాలని నాకు అప్పుడే తెలిసింది. ఒకరోజు సగం నిండిన బిందె ముందు కూర్చుని ఏడ్చాను కూడా.

ఆ ఏడుపు పక్కింటి పెద్దావిడకు వినపడింది. ఆమెను వరుసంతా మావ్‌శి అని పిలిచేది. మావ్‌శి అంటే చిన్నమ్మ, అమ్మకు చెల్లెలు. భారీ మనిషి, కాసెపోసి కట్టిన చీర, రూపాయి బిళ్ళంత బొట్టు. భర్త గనిలో పంపుల మేస్త్రి. అంగడి తెలుగు ఆమెకు కొంత వచ్చు. లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చుని, కొంగుతో నా మొహం తుడిచింది.

"కాయ్ గ పోరీ, ఊకె ఒర్లితే ఎవలకు సమజైతది? గట్ల గాదు. మాఝా నంబర్ ఆహే, అను."

అన్నాను. మళ్లీ అనమంది. మళ్లీ అన్నాను. మెల్లగా కాదు, నడుం మీద చెయ్యి పెట్టి అనాలంది. అది కూడా పాఠంలో భాగమే అన్నట్టు నా చెయ్యి తీసి నా నడుం మీద పెట్టింది.

మర్నాడు నల్లా దగ్గర బిందె జరిపిన మనిషి ముందు నిలబడి ఆ మాట అలాగే అన్నాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. ఫక్కున నవ్వింది. తన బిందె పక్కకు తీసి, నా బిందెను తానే నల్లా కింద పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పుట్టిన ఊరు వదిలాక మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నది ఆ రోజేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక అక్కడి నుంచి మాటలు ఒకటొకటే ఇంట్లోకి వచ్చాయి. ఉప్పు అయిపోతే "మీఠ్ ఆహే కా", ఎవరైనా గడప దగ్గర నిలబడితే "యా, బసా", నల్లాలో ధార కనపడగానే వరుసంతా వినపడేట్టు "పాణీ ఆలం". ఈ చివరి కేక వేసే హక్కు నాకు దక్కిన రోజున మా ఆయన దగ్గర ఎంత గొప్పలు పోయానో.

అయితే ఒకచోట బోల్తా పడ్డాను. పగలు ఎవరు కనపడినా "జేవణ్ ఝాలం కా?" అని అడిగేవారు. అన్నం తిన్నావా అని. మా ఇళ్లల్లో మొగుడు తినకుండా ఆడది తినదు. ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి పొద్దు వాలేది. కాబట్టి నేను ఉన్నమాటే చెప్పేదాన్ని, "నాహీ" అని. అందరికీ, ప్రతిరోజూ, "నాహీ". కొన్నాళ్లకు మావ్‌శి ఒక పళ్లెంలో జొన్నరొట్టె, శనగపిండితో చేసిన పిఠ్లం పట్టుకుని రుసరుసలాడుతూ వచ్చింది. నా మీద కాదు, మా ఆయన మీద. కొత్త పెళ్లాన్ని తిండి పెట్టకుండా మాడుస్తున్నాడని వరుసంతా అనుకుంటోందట. మగవాళ్లు ఆయనతో మాట్లాడటం కూడా తగ్గించారట! నేను విషయం చెప్పేసరికి ఆమె నెత్తి కొట్టుకుంది. గనోళ్ల పెళ్లాలు షిఫ్టు చూసుకుంటూ కూర్చుంటే చస్తారు, ముందు తిను అని, పక్కనే కూర్చుని తినిపించింది. ఆ పిఠ్లం రుచి నా నాలుక మీద ఇంకా ఉంది. మర్నాటి నుంచి అడిగిన వాళ్లందరికీ "హో, ఝాలం" అని గట్టిగా చెప్పి మా ఆయన పరువు కాపాడాను.

అలా ఏడాది నిండకముందే చిన్నచిన్న మాటలన్నీ వచ్చేశాయి. చిక్కు వచ్చింది చైత్రమాసంలో.

చైత్రంలో మరాఠీ ఇళ్లల్లో ముత్తైదువలను పిలిచి పసుపు కుంకుమ ఇస్తారు. నానబెట్టిన శనగలు, మామిడికాయ పానకం పెడతారు. మావ్‌శి ఇంట్లో వరుస ఆడవాళ్లందరం గుండ్రంగా కూర్చున్నాం. అప్పుడు మొదలైంది వాళ్ల ఆచారం. ఒక్కొక్కరూ రెండు పాదాల పద్యం చెప్పి, అందులో మొగుడి పేరు కలిపి పలకాలి. దాన్ని ఉఖాణా అంటారు. ఒకామె చెప్పింది, అందరూ నవ్వారు. ఇంకొకామె చెప్పింది, చప్పట్లు కొట్టారు. నా వంతు దగ్గరికి వస్తోంది.

మా వైపు ఆడది మొగుడి పేరు నోట పలకదు. అది సిగ్గు మాత్రమే అయితే నేను ఎలాగోలా గట్టెక్కేదాన్ని. పేరు పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ, అంటే మా అమ్మ, చెప్పేది. వట్టిగా చెప్పడం కాదు, సాక్ష్యంతో చెప్పేది. మా చిన్నమ్మ ఒకసారి కోపం పట్టలేక బావి దగ్గర అందరి ముందూ మొగుడి పేరు పెట్టి శాపనార్థాలు పెట్టిందట. ఆ వానాకాలంలోనే ఆయన జ్వరం తగిలి పోయాడు. చిన్నమ్మ బోడిమెడ చూస్తూ పెరిగినదాన్ని నేను. మా ఆయనది దేవుడి పేరు. భజనలో ఆ పేరు వచ్చిన ప్రతిచోటా నేను నోరు మూసుకునేదాన్ని. అలాంటిది, రోజూ భూమి కిందికి దిగే మనిషి పేరును శనగలు నములుతూ నవ్వులాటకు పలకాలా?

"నావ్ ఘే, నావ్ ఘే," అని అందరూ అల్లరి పెట్టారు. పేరు తీసుకో అని. చెబితే కానీ బొట్టు పెట్టనని ఒకామె కుంకుమ భరిణె వెనక్కి దాచింది. నాకు ఒళ్లు మండింది. లేచి, ఒళ్లో శనగలు నేల పాలవుతున్నా చూడకుండా ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం మావ్‌శి వచ్చింది. బొట్టు పెట్టి, అప్పుడు అడిగింది, ఎందుకంత భయమని. చెప్పాను. ఆమె కుంకుమ భరిణె మూసి, మెల్లగా అంది.

"మా దిక్కు ఉల్టా బిడ్డా. నావ్ ఘేతలం కీ ఆయుష్య వాఢ్తం. పేరు దీస్కుంటే ఆయుష్షు పెరుగుతది. ఉత్తగ పిలువద్దు, ఒప్పుకుంట. పద్యంల వెట్టి, దేవునికి పువ్వు వెట్టినట్టు వెట్టాలె."

ఒకే దేవుడు గోదావరికి ఇటు ఒక లెక్క, అటు ఒక లెక్క ఎలా రాస్తాడో నాకు అర్థం కాలేదు. కానీ మావ్‌శి మీద ఉన్న ప్రేమతో పద్యం మాత్రం నేర్చుకుంటానన్నాను. ఆమె అప్పటికప్పుడు నా కోసం ఒకటి కట్టింది.

"గోదావరీచ్యా కాఠీ జ్వారీ ఆలీ భరాత్,
ఫలానా రావాంచం నావ్ ఘేతే మావ్‌శీచ్యా ఘరాత్."

గోదావరి ఒడ్డున జొన్న నిండుగా పండింది, ఫలానా రావుగారి పేరు మావ్‌శి ఇంట్లో పలుకుతున్నాను అని. ఫలానా అని రాశాను, పద్యంలో అక్కడ ఆయన పేరు ఉండాలి. పేరు వెనక ఆ రావు విని నాకు నవ్వాగలేదు. మరాఠీ వాళ్లు మొగుడి పేరుకు రావు తగిలించి పిలుస్తారట. మా ఊళ్ళో రావు అంటే దొరలు. బొగ్గు తవ్వే మనిషికి రావేంటని అడిగాను. పెళ్లానికి ఎప్పుడూ రావే, అంది మావ్‌శి.

తర్వాత కొన్నాళ్లు రొట్టెలు తడుతూ, చేటలో బియ్యం చెరుగుతూ నాతో ఆ పద్యం చెప్పించేది. జొన్న వరకూ బాగానే వచ్చేది. పేరు దగ్గరికి రాగానే నేను గట్టిగా దగ్గేదాన్ని. దగ్గి, "రావాంచం నావ్ ఘేతే" అని అందుకునేదాన్ని. మావ్‌శి కూడా నవ్వేసేది. మా ఆయన పేరేంటో ఆమెకూ తెలియదు, వరుసలో ఎవరికీ తెలియదు. అందరూ ఆయన్ని మెట్‌పల్లి అనే పిలిచేవారు. "మెట్‌పల్లీ, చాయ్ తాగుదాం రా," అని. ఆ దగ్గు వెనక ఏముందో కనుక్కోవాలని మావ్‌శి సరదా పడేది, కానీ ఎన్నడూ బలవంతం చేయలేదు.

ఎండలు ముదిరాయి. చుట్టాల పెళ్లి ఉందని మావ్‌శి బల్లార్షా బండెక్కి వెళ్లింది. ఆమె లేని ఆ రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం, షిఫ్టు వేళ కాని వేళ సైరన్ మోగింది.

గని ఊళ్ళో ఆ కూతకు అర్థం ఎవరూ నేర్పక్కర్లేదు. పొయ్యిలో కట్టె పొయ్యిలోనే వదిలి, చెప్పులు లేని కాళ్లతో వరుసంతా పరుగెత్తింది. నేనూ పరుగెత్తాను. లోపల ఒక పక్క పైకప్పు కూలిందని, దారి మూసుకుపోయిందని గేటు దగ్గర చెప్పుకుంటున్నారు. ఎవరు చిక్కుకున్నారో, ఎందరో తెలియదు. పొద్దున గనిలో దిగేవాళ్లు ఒక్కొక్కరూ తమ నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుని దిగుతారు, పైకొచ్చి అప్పగిస్తారు. అందుకని ఎవరు లోపలున్నారు, ఎవరిని ఏ పక్కకు పంపారు అనేది దీపాల గదిలో కూర్చునే మనిషికి తెలుసు. ఆడవాళ్లందరూ ఆ గది కిటికీ ముందు మూగారు. పేరు చెబితే ఆయన చూసి చెబుతున్నాడు. కూలిన పక్క లేనివాళ్ల పెళ్లాలను ఇంటికి పొమ్మంటున్నాడు. ఉన్నవాళ్ల పెళ్లాలను గోడ పక్కన నిలబడమంటున్నాడు.

తెలుగు ఆడవాళ్లు జంటలు జంటలుగా వచ్చారు. ఈమె మొగుడి పేరు ఆమె చెప్పింది, ఆమె మొగుడి పేరు ఈమె చెప్పింది. కష్టంలో కూడా పద్ధతి తప్పలేదు. నాకు జంట ఎవరూ లేరు. నా వంతు వచ్చింది.

"ఎవలమ్మా?" అన్నాడు కిటికీలోని మనిషి.

"మెట్‌పల్లాయన."

"మెట్‌పల్లోల్లు శానమంది ఉన్నరు. పేరేంది?"

"పోయినేడు వచ్చిండు. పొడుగ్గ ఉంటడు. గీ చెంపకు పుట్టుమచ్చ ఉంటది."

"బొగ్గు పూసుకున్నంక పుట్టుమచ్చ ఏడ కనవడ్తదమ్మా? బిళ్ళ నంబరన్న తెలుసా?"

తెలియదు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. చదువు నాకు చాలా తర్వాత, నా పిల్లల పలకల మీద వచ్చింది. ఆ రోజు కాగితం మీద రాసి చూపే దారి కూడా లేదు. మా వరుస ఆడవాళ్లను చూశాను. వాళ్లకు తెలిసింది కూడా మెట్‌పల్లి అనే మాటే.

"జర పక్కకు జరుగమ్మా, ఎన్క మంది ఉన్నరు," అన్నాడు ఆయన. కసురుకోలేదు, పాపం. అది ఇంకా భయంగా ఉంది.

పక్కకు జరిగాను. ఒక గుంపు ఏడుస్తూ గోడ పక్కన నిలబడి ఉంది. ఇంకో గుంపు దేవుడికి దండాలు పెట్టుకుంటూ ఇంటికి పోతోంది. నేను ఏ గుంపులో నిలబడాలో నాకు తెలియలేదు. నా మొగుడు బతికున్నాడో లేదో ఆ కిటికీలో మనిషికి తెలుసు, మధ్యలో అడ్డం ఉన్నది నా నోరే. పలికితే ఆయుష్షు తగ్గుతుంది. ఆయన బండ కింద ఉంటే ఇంకా తగ్గడానికి ఏముంది? పలికిన కారణానే పోతే? చిన్నమ్మ మెడ కళ్ల ముందు కనపడింది. అవ్వ మాట నిజమా, మావ్‌శి మాట నిజమా అని ఎవరిని అడగాలి? అవ్వ నన్ను కన్నది. కానీ మావ్‌శి మాటలో ఆయన బతుకుతున్నాడు. నాకు ఆ మాటే కావాల్సి వచ్చింది.

జనాన్ని తోసుకుని మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లాను. చువ్వలు పట్టుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా మొదలుపెట్టాను.

"గోదావరీచ్యా కాఠీ జ్వారీ ఆలీ భరాత్..."

చుట్టూ గొంతులు ఆగిపోయాయి. నాకు పిచ్చి ఎక్కిందనుకుని ఉంటారు. ఆగితే మళ్లీ నోరు రాదని నాకు తెలుసు. దగ్గలేదు. ఆయన పేరు, నిండా, స్పష్టంగా పలికాను. రావు తగిలించాను. మావ్‌శీచ్యా ఘరాత్ అని కూడా చెప్పి, పద్యం ముగించాను.

"ఏ రావు?" అన్నాడు ఆయన నోరు తెరిచి. "రావు సాబ్‌లు మనకాడ ఎవలు లేరమ్మా."

"రావు దీసెయ్యి," అన్నాను. "వట్టిదే సూడు."

అంతటి ఏడుపులోనూ వెనక ఒక ముసలి మరాఠీ ఆవిడ ముక్కు చీదుకుంటూ కిసుక్కున నవ్వింది. కిటికీలో మనిషి తల తిప్పి దీపాలు తగిలించే మేకుల వైపు చూశాడు, లోపల ఎవరినో అడిగాడు. అంతసేపూ నేను చువ్వలు వదల్లేదు.

"గాయనా!" అన్నాడు. "గాయన కూలిన దిక్కు లేడమ్మా. పొద్దుగాల్నే పంపుల కాడికి తోలిన్రు. జర చుట్టు తిరిగి వస్తుండు. ఫికర్ చెయ్యకు, ఇంటికి పో."

ఆ బొగ్గుపొడిలోనే చతికిలబడ్డాను. ఏడ్చాను, నవ్వాను, ఆయన్ని పంపుల దగ్గరికి తోలిన మనిషి ఎవరో తెలియకపోయినా కడుపు చల్లగుండాలని దీవించాను. ఇంటికి మాత్రం పోలేదు. గోడ పక్కన నిలబడినవాళ్లతో పాటే నేనూ నిలబడ్డాను. పొద్దు గూకకముందే దారి తీశారు. అందరూ బయటికి వచ్చారు. ఒకాయనకు కాలు విరిగింది, ఇంకొందరికి గీరుకుపోయింది, ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ రోజు ఎవరు ఎవర్ని కావలించుకుని ఏడ్చారో లెక్కే లేదు. నల్లా దగ్గర నా బిందె జరిపిన మనిషిని నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో.

మావ్‌శి తిరిగొచ్చి, ఈ కథ పదిమంది దగ్గర పది రకాలుగా విని, మా ఇంటికొచ్చి మెటికలు విరిచి దిష్టి తీసింది. ఆమె మాటే నిజమైంది, మా ఆయన నిండుగా బతికి మనవళ్లను ఎత్తుకున్నారు. అయితే అది తర్వాతి సంగతి. ఆ రోజు సాయంత్రం మాత్రం మేమిద్దరం ఇంటికి నడిచాం. దీపం అప్పగించేటప్పుడు కిటికీలో మనిషి "రండి రావు సాబ్" అని ఆయనకు అంతా చెప్పేశాడు. దారిలో ఆయన నా వైపు చూడలేదు. స్నానం చేసి, రొట్టె తిని, గోడకు చేరగిలబడి కూర్చున్నారు.

"కోపమొచ్చిందా?" అని అడిగాను.

"కోపమెందుకే," అన్నారు. "మా అవ్వ పోయినంక నన్ను పేరు వెట్టి పిలిచినోల్లే లేరు. లోపల్నేమో నంబరు. బైటనేమో మెట్‌పల్లి. నువ్వేమో ఇగో, అగో. నా పేరు నేనే మరిచిపోయెటట్టున్న," అన్నారు.

నేను ఆయన తిన్న పళ్లెం తీసి పక్కన పెట్టాను.

"ఏదీ, జర మల్లోపాలి అను. గా పద్యం వద్దు."

లేచి తలుపు దగ్గరికి వేశాను. ఆయన ఎదురుగా కూర్చుని, రావు లేకుండా, మరాఠీ లేకుండా, వట్టి పేరు మెల్లగా పలికాను. మా అత్త వాకిట్లోంచి పిలిస్తే చేలో నుంచి పలికినట్టు, ఆయన "ఓ" అన్నారు.